ఆరో పేరాలోని భార్య

నేను ఉద్యోగం చేసింది ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు. అంతకాలంలో నా చేతి మీదుగా వీసాకు వెళ్లిన ఫైళ్లలో, కాగితాల్లో తప్పుండి వెనక్కొచ్చినవి మూడు. ఒకటి ఒక కథానాయకుడి వయసు. ఆయన చెప్పినదానికీ పాస్‌పోర్టులో ఉన్నదానికీ ఎనిమిదేళ్ల తేడా. ఆ తప్పు నాది కాదు. రెండోది కొరియర్ వాడు వానలో తడిపిన ఫైలు. అదీ నాది కాదు. మూడోది నాది. ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు మొదటి రెండింటి గురించే అడుగుతారు, వాటిలో సినిమా వాసన ఉంటుంది కాబట్టి. నేను మూడోదాని గురించే చెబుతాను.

మా ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన. పాటలు తీయడానికి విదేశాలకు వెళ్లే సినిమా యూనిట్లకు వీసాలు తెప్పించడం మా పని. డాన్సర్లు, లైట్‌మెన్, మేకప్‌మెన్ అందరూ కలిపి ఒక్కో యూనిట్‌కు నలభై మంది ఉండేవాళ్లు. మనిషికో ఉత్తరం, ఉత్తరానికి ఏడు పేరాలు. ఆ ఏడూ నేను చేరిన ఏడాది నేనే రాశాను. అందులో ఆరోది ఇది: "వీరి భార్యాపిల్లలు హైదరాబాదులోనే నివసిస్తున్నారు. కావున వీరు షూటింగ్ ముగిసిన వెంటనే తప్పక తిరిగి రాగలరు." పెళ్లికానివాళ్లకు భార్యాపిల్లలు తీసేసి తల్లిదండ్రులను పెట్టేవాళ్లం. "ఆరో పేరా పడిందంటే విమానం ఎక్కినట్టే" అనేవారు మా ఓనరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల కొంచెం గర్వంగా ఉండేది. దాచడం ఎందుకు?

నా పద్ధతి ఏమిటంటే, ప్రతి ఉత్తరం మీదా స్టీలు స్కేలు పెట్టి, ఒక్కో వరుస కిందికి జరుపుకుంటూ చదివేదాన్ని. తేదీలకు ఎర్ర పెన్సిలు. పేజీల లెక్క మూడుసార్లు. నా వెనకాల నన్ను "స్కేలు మేడమ్" అంటారని తెలుసు. నా ముందే అన్నా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

ఒక శనివారం పొద్దున్నే కృష్ణానగర్ నుంచి ఒకతను వచ్చాడు. కొత్తవాడేమీ కాదు. పదకొండేళ్లు గ్రూప్ డాన్సరుగా చేశాడు. మా దగ్గర్నుంచే నాలుగు దేశాలు తిరిగొచ్చాడు. తర్వాత మోకాలు దెబ్బతిని ఆపరేషన్ అయింది. ఆ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కాకినాడ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయికి కెనడాలో ఉద్యోగం వచ్చి స్థిరపడింది. అక్కడినుంచి భర్తను శాశ్వతంగా తీసుకువెళ్లడానికి స్పాన్సర్ చేసింది. ఆ ఫైలు కూడా మేమే వేశాం. పెళ్లి నిజమైనదే అని రుజువుగా నూటపన్నెండు ఫొటోలు పెట్టాం. ఎంచింది నేనే. ఆ అమ్మాయి సెలవు మీద వచ్చి వెళ్లినప్పుడు అది వేశాం. ఏడు నెలలైంది, ఇంకా తేలలేదు.

"మేడం, జర నా ఫైల్ ఏడిదాంక వచ్చిందో చూస్తరా?"

"దానికింకా టైముంది బాబూ. ఎందుకంత తొందర?"

"ఆమె దవాఖానల ఉన్నది మేడం. బీపీ బాగ పెరిగిందంట. ఏడో నెల నిండింది. ఎన్ని దినాలు ఆపగలిగితే అన్ని దినాలు ఆపి, కాదంటే కాన్పు చేస్తమంటున్రు. గాడ ఆమెకు ఎవ్వలు లేరు. రూంల ఉండే దోస్తు ఒక్కతే, ఆమెకు సుత డ్యూటీలే."

అతను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

శాశ్వత ఫైలు కోసం ఆగితే లాభం లేదు, విజిటర్ వీసా వేద్దామన్నాను. అందులో ఉన్న తిరకాసు కూడా అప్పుడే చెప్పాను. మొదటి ఫైలులో ఈ మనిషి భార్యను విడిచి ఉండలేడని నూటపన్నెండు ఫొటోలతో ప్రమాణం చేశాం. ఇప్పుడు అదే ప్రభుత్వానికి, అదే మనిషి అదే భార్యను చూసి, గడువు కాగానే వదిలి వచ్చేస్తాడని నమ్మకం కలిగించాలి.

"ఒక ఫైల్ల పోతనంటిమి, ఇంకో ఫైల్ల వస్తనంటున్నం. నేనేమన్న సిటీ బస్సునా మేడం?"

రెండు ఉద్దేశాలూ ఒకే మనిషికి ఉండడం తప్పు కాదు, చట్టం ఒప్పుకుంటుందని చెప్పాను. రేపు అక్కడే ఉండాలని కోరుకోవచ్చు, ఇవాళ చూసి రావచ్చు. ఆ సంగతి ఉత్తరంలో తిన్నగా రాస్తే చాలు.

చెప్పినంత తిన్నగా రాయలేదు. మా ఆఫీసులో కంప్యూటరు దగ్గర యూసుఫ్‌గూడ అమ్మాయి ఒకతె ఉండేది, చురుకైనది. ఆమెతో నేనన్న మాట ఇది: "మన ఉత్తరమే తీసుకో. పేరు మార్చు. రెండో పేరాలో షూటింగ్ తీసేసి ఆసుపత్రి సంగతి పెట్టు. మిగతాది మామూలే." ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేసింది. అంతకన్న ఎక్కువ చేయనిచ్చేదాన్ని కాదు నేను.

సోమవారం మధ్యాహ్నం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నలభై మూడు పేజీలు. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆసుపత్రి పిన్‌కోడులో ఒక అంకె తప్పు పట్టాను. తేదీలన్నీ సరిచూశాను. స్కేలు అయిదో పేరా దాకా వరుస వరుసగా దిగింది. ఆరో పేరా దగ్గర మాత్రం ఒక్క జారుడుతో ఏడో పేరాకు వెళ్లిపోయింది. అది నేను రాసిందేగా! సాయంత్రానికి ఆన్‌లైన్‌లో పంపించేశాం.

తొమ్మిదో రోజున వీసా ఇవ్వలేమని జవాబొచ్చింది. ప్రయాణం ఎందుకన్నది, కుటుంబం ఎక్కడున్నదన్నది చూస్తే, ఇతను తిరిగి వెళతాడన్న నమ్మకం కలగలేదని అందులో ఉంది. మేమందరం ఆ అధికారికి మనసు లేదనుకున్నాం. మా ఓనరు టైం బాగాలేదన్నారు. అతను మాత్రం ఫోను తీసి, మేము వేసిన ఉత్తరమూ వచ్చిన జవాబూ భార్యకు పంపించాడు. అరగంట తర్వాత ఆ అమ్మాయి నా ఫోనుకే చేసింది.

"మేడమ్ గారూ, ఒక్క డౌటండీ."

"చెప్పమ్మా. నీకెలా ఉంది?"

"నాకు బానే ఉందండీ. హైదరాబాదులో ఉన్న ఆవిడకెలా ఉందండీ?"

"ఎవరికి?"

"మా ఆయన భార్యకండీ. పిల్లలు కూడా ఉన్నారంట కదా. ఆరో పేరాలో రాశారు. రెండో పేరాలో నేను ఆసుపత్రిలో ఉన్నానని ఉంది, ఆరో పేరాకొచ్చేసరికి ఆవిడ హైదరాబాదులో ఉంది. షూటింగ్ అవ్వగానే ఆవిడ దగ్గరికి వచ్చేస్తాడంట. ఇక్కడ నా కాన్పు షూటింగాండీ? వీళ్లు నా బీపీ గంటకోసారి చూస్తున్నారు. ఇప్పుడు చూస్తే మిషను పేలిపోద్ది."

నేను ఉత్తరం నకలు తీశాను. స్కేలు పెట్టాను. ఉంది. నల్లగా, స్పష్టంగా, ఒక్క అక్షరదోషం లేకుండా ఉంది.

ఆ అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో ఫోనులో తెలియలేదు. రెండూ చేస్తోందని తర్వాత చెప్పింది. నేను మాత్రం, "తప్పు నాదమ్మా, నీ భర్తది కాదు" అని రెండుసార్లు అన్నాను. ఫోను పెట్టేశాక కంప్యూటరు అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, నేను చూసిన గానీ, మీ పేరా కదా అని ముట్టుకోలే" అంది. అన్నిటికన్న నాకు తగిలిన మాట అదే.

ఇక్కడొక సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి. వీసా రాకపోవడం పెద్ద ప్రమాదం కాదు, మళ్లీ వేయొచ్చు. రాసింది అబద్ధమని వాళ్లు తేల్చారంటే అయిదేళ్లు తలుపు మూసుకుంటుంది. అప్పుడు విజిటర్ వీసా సరే, నూటపన్నెండు ఫొటోల ఫైలు కూడా పోతుంది. కాన్పుకే కాదు, బిడ్డ అయిదో పుట్టినరోజుకు కూడా అతను వెళ్లలేడు. ఒక్క పేరా చేయగల పని అది.

మర్నాడు అతను ఒంటరిగా రాలేదు. మోకాలు దెబ్బతో డాన్సు మానేశాక అతను నటిస్తున్న టీవీ సీరియల్ ప్రొడక్షన్ మేనేజర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, మంచివాడు, కష్టమొస్తే పరుగెత్తుకొస్తాడు. వచ్చాక ఆపడమే కష్టం.

"ఏముందమ్మా ఇందులో? తిరిగొస్తాడని రుజువు కావాలి, అంతేగా? జూబ్లీహిల్స్‌లో మన షూటింగ్ బంగళా ఉంది. దాని ముందు వీడిని నిలబెట్టి ఫొటో తీద్దాం. ఇల్లు వీడిదే అందాం."

"ఆ బంగళా ఇప్పటికే ఆరు సీరియళ్లలో ఆరుగురిది" అన్నాను.

"పోనీ, ఆరో పేరానే నిజం చేసేద్దాం."

"అంటే?"

"సీరియల్లో వీడికి భార్య ఉందండీ! ఇద్దరు పిల్లలు కూడాను. హైదరాబాదులోనే. ఆవిడ చాలా మంచమ్మాయి, అడిగితే సంతకం పెడుతుంది. అసలు మీరు రాసింది తప్పు కాదమ్మా. మా కథ ప్రకారం కరెక్టే."

అతను మేనేజర్ వైపు భయంగా చూశాడు. "సార్, గామె సంతకం పెట్టినట్టు మా ఇంటామెకు తెలిస్తే నన్ను కెనడాకి కాదు, ఏడికో పంపిస్తది."

ఇంతలో మా ఓనరు నన్ను లోపలికి పిలిచి, నెమ్మదిగా, కొత్త ఉత్తరం చక్కగా రాసి పంపుదాం, పాతదాని ఊసెత్తొద్దు అన్నారు. మన తప్పని మనమే రాసిస్తే రేపు పెద్ద యూనిట్లు మన దగ్గరికి వస్తాయా అన్నారు. ఆయన భయం ఆయనకు న్యాయమే. కానీ పాత ఉత్తరం వాళ్ల దగ్గరే ఉంది. మొన్న హైదరాబాదులో ఉన్న భార్య ఇవాళ మాయమైతే అడగరా? ఏ మాట మార్చామో, ఎందుకు మార్చామో చెప్పి తీరాలన్నాను. ఆయన చివరికి, "సరే మేడమ్, మీ పేరుతో రాసుకోండి. మన లెటర్‌హెడ్ మాత్రం వద్దు" అన్నారు.

తెల్లకాగితం మీద రాశాను. పది వరుసలు. ఈ దరఖాస్తుదారుకు ఒక్కరే భార్య, ఆమె కెనడాలో ఆసుపత్రిలో ఉంది, పిల్లలు లేరు. ముందు పంపిన ఉత్తరంలోని ఆరో పేరా సినిమా యూనిట్ల కోసం ఇరవై ఏళ్ల కిందట నేను రాసింది, పొరపాటున ఇందులో చేరింది, పంపే ముందు నేను దాన్ని చదవలేదు. కింద సంతకం పెట్టాను. "చదవలేదు" అన్న మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం నేను లెక్కపెట్టలేదు.

ఇక తిరిగొస్తాడనడానికి నిజమైన కారణం కావాలి. అతన్ని కూర్చోబెట్టి అడిగాను.

"సీరియల్లో నీ పనేమిటి?"

"పండుకుంటా మేడం."

"సరిగ్గా చెప్పు."

"సరిగ్గనే చెప్తున్న. అయిదు నెలల సంది కోమాల ఉన్న. ముక్కుకి పైపు, చేతికి సెలైను. పొద్దుగాల తొమ్మిదింటికి పోయి పండుకుంటా, ఆరింటికి లేస్తా. అందరొచ్చి నా మీద పడి ఏడ్చి పోతుంటరు."

మేనేజర్ అందుకున్నాడు. "వీడే కదమ్మా కీలకం! అసలు వీలునామా ఎక్కడుందో వీడొక్కడికే తెలుసు. వచ్చే నెలాఖరుకి స్పృహలోకి వస్తాడు. ఆ రోజుకి వీడు లేకపోతే కథే లేదు."

"ఇది నిజమా? ఒప్పందం కాగితం ఉందా?"

"ఉందమ్మా. వీడికి మొదటి డైలాగు కూడా ఆ రోజే."

పదకొండేళ్లు డాన్స్ చేసి, అయిదు నెలలు పడుకుని, ఆ మనిషి మొదటిసారి కెమెరా ముందు నోరు విప్పబోయే రోజు అది. అతను నేల చూపులు చూస్తూ, "రెండు పేజీలున్నది మేడం" అన్నాడు. ఇంతకన్న గట్టి రుజువు నా సర్వీసులో చూడలేదు.

మేనేజర్ అక్కడే ఉత్తరం రాసిచ్చాడు. స్కేలు పెట్టి చదివితే మొదటి వరుసలోనే ఆగిపోయాను. "ఇతని పరిస్థితి విషమంగా ఉన్నందున ఇతను తిరిగి రావడం అత్యవసరం" అని ఉంది. విషమంగా ఉన్న మనిషి విమానం ఎలా ఎక్కుతాడని అడుగుతారు కదా అన్నాను. కొట్టేసి మళ్లీ రాశాడు. "ఇతను అయిదు నెలలుగా స్పృహలో లేడు" అన్నాడు. అదీ కొట్టించాను. సాయంత్రానికి నాలుగో ప్రతి కుదిరింది. అయినా నాకు తృప్తి లేదు. ఫైలులో ఒక ఆసుపత్రి కెనడాలో ఉంది, ఒకటి సీరియల్లో ఉంది. ఒక రోగి భార్య, ఒక రోగి భర్త. చదివేవాళ్లకు ఎవరు ఎవరిని చూడబోతున్నారో తెలియాలి. అందుకని చివర ఒక వాక్యం చేర్పించాను: "దరఖాస్తుదారు నిజజీవితంలో ఆరోగ్యంగా, పూర్తి స్పృహలో ఉన్నారని తెలియజేస్తున్నాము."

కంప్యూటరు అమ్మాయి పైపులతో పడుకున్న అతని ఫొటోలు జతచేస్తూ, "మేడమ్, వీటిని మెడికల్ రిపోర్టు పక్కన పెట్టాల్నా, ఉద్యోగం రుజువులల్ల పెట్టాల్నా?" అంది. ఉద్యోగంలోనే అన్నాను. ఈసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వరుసా ఆమె పైకి చదువుతుంటే నేను విన్నాను. నేను రాసినవి కూడా. ముఖ్యంగా నేను రాసినవి. మూడో పేజీలో ఆమె ఆగి, "ఇది తప్పు మేడమ్" అంది. నిజంగానే తప్పు. శుక్రవారం నాలుగింటికి ఒక్క నిమిషం ముందు పంపించాం. యాభై ఒక్క పేజీలు.

వీసా వచ్చింది. పాస్‌పోర్టు చేతికి రావడానికి అన్నీ కలిపి పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో కెనడా నుంచి ఆ అమ్మాయి రోజూ తన బీపీ అంకెలు నాకు పంపేది. నేనడగలేదు. నేనైతే రాసిపెట్టుకుంటానని తెలుసు కాబోలు. అంకె పెరిగిన రోజు నాకు అన్నం సహించేది కాదు. పదమూడో రోజు అతను విమానం ఎక్కాడు.

దారిలో విమానం మారడానికి అతను దిగినచోట ఫోను తెరిస్తే, బిడ్డ పుట్టేసింది. తల్లీ బిడ్డా క్షేమం. నాలుగు పౌన్లకు కొంచెం తక్కువ. అతను ఆసుపత్రి చేరేసరికి బిడ్డకు పదిహేడు గంటల వయసు.

ఆ అమ్మాయి నాకు ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది, మాట పదును మాత్రం తగ్గలేదు. "మేడమ్ గారూ, హైదరాబాదు ఆవిడకి చెప్పండి, ఆడపిల్లని. మీరు ఆరో పేరాలో పిల్లలన్నారుగా, ఒకరు వచ్చారు. ఈయన వచ్చిన దగ్గర్నుంచి నా మంచం పక్కన కుర్చీలో పడుకునే ఉన్నాడండీ. ఇక్కడా కోమానే."

ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కూడికలు వేశాను. మొదటి దరఖాస్తుకు పోయినవి తొమ్మిది రోజులు, దిద్దుకోవడానికి రెండు. మొత్తం పదకొండు. మొదటిసారి సరిగ్గా పంపి ఉంటే వీసా వచ్చేదని రుజువేమీ లేదు. వచ్చి ఉంటే మాత్రం కాన్పుగదిలో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోవడానికి మనిషి ఉండేవాడు. దీన్ని ఎన్నిసార్లు కూడినా పదకొండే.

అతను తిరిగి రావలసిన వారంలో ఫోను చేశాడు. "మేడం, బిడ్డను అద్దాలపెట్టెకెల్లి ఇంకా బయటికి తియ్యలే. ఇంకో వారం పది దినాలల్ల ఇంటికి పంపుతరంట. నేను ఎత్తుకోనన్న ఎత్తుకోలే. గాని మీరు రాసిన తారీకు ఉన్నది గదా. వస్త."

వీసా మీద అక్కడ ఆరు నెలలు ఉండొచ్చు. మేము రాసిన తేదీ దాటినంత మాత్రాన చట్టం దాటినట్టు కాదు. అది అతనికి తెలియదు, నాకు తెలుసు. అయినా ఒక కాగితం మీద నేను రాసిన తేదీని నా నోటితో నేనే మార్చడం అంతకుముందు ఎన్నడూ లేదు.

"పదకొండు రోజులు ఆగి రా" అన్నాను.

"గట్లెట్ల మేడం? కోమా?"

"నేను చూసుకుంటాను."

మేనేజర్‌కు ఫోను చేశాను. "అతన్ని ఇంకో పదకొండు రోజులు కోమాలోనే ఉంచండి."

"అమ్మా! ఎపిసోడ్లు రాసేశారు. వాడు వెళ్లేముందు తీసిపెట్టుకున్న సీన్లూ అయిపోయాయి. అయినా బెడ్ మీద ఎవరిని పడుకోబెట్టమంటారు?"

"దిండ్లు పెట్టి దుప్పటి కప్పండి. మొహం చూపించకండి. ఏడ్చేవాళ్లనే చూపించండి."

"మీరు సీరియల్ రాయాల్సినవారమ్మా" అన్నాడు. మర్నాటినుంచి మంచం మీద దిండ్లు పడుకున్నాయి. ఒకట్రెండుసార్లు లైట్‌మన్ కాళ్లు కూడా కనిపించాయి.

మా మధురానగర్ అపార్ట్‌మెంట్‌లో ఆ సీరియల్ చూడని ఇల్లు లేదు. ఒకరోజు లిఫ్టులో పై అంతస్తు ఆవిడ కూరగాయల సంచీ కింద పెట్టి నన్ను పట్టుకుంది.

"చూశారాండీ ఈ సాగదీత? ఈ నెలాఖరుకి లేస్తాడన్నారు. లేవడు, చావడు. ఇంకెన్నాళ్లు పడుకుంటాడండీ ఈ మనిషి?"

"నాలుగు రోజులు" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మీకెలా తెలుసంది. నా అంతస్తు వచ్చింది, దిగిపోయాను. అయిదో రోజు ఎపిసోడ్‌లో అతను కళ్లు తెరిచి రెండు పేజీల డైలాగు చెప్పాడు, ఒక్క మాట తడబడకుండా. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు లిఫ్టులో ఎదురైనా, ఆ సీరియల్ ఇంట్లో అత్తగారు ఎప్పుడు పోతుందో చెప్పమని నన్నడుగుతూనే ఉంది.